మోటార్‌హోమ్ వెనక కట్టి లాగే కారు: కొనే ముందు ఒక్కొక్కటిగా చూసుకోవలసినవి

గత వేసవిలో మూసాపేటలోని మా షెడ్డుకు ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగగానే ఫ్యూయల్ పంపు పోయి ఆగిపోయిందట. సాయానికి వచ్చినవాళ్లు తాడు కట్టి, నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లిస్తూ ఊరంతా దాటించి తెచ్చారు. పంపు మార్చడం పూట పని. మార్చాం. ఇంజన్ చక్కగా స్టార్టయింది. గేరు వేస్తే కారు మాత్రం కదలలేదు.

గేర్‌బాక్సు కింది పళ్లెం విప్పాను. దానిమ్మ రసంలా ఎర్రగా ఉండవలసిన నూనె కాఫీ డికాషన్‌లా దిగింది. మాడు వాసన. పళ్లెం అడుగున ఉండే చిన్న అయస్కాంతానికి ఉక్కు పొడి కాటుకలా ముద్దకట్టి ఉంది. వేలితో కాస్త తీసి యజమాని అరచేతిలో రాశాను. "న్యూట్రల్‌లోనే పెట్టానండీ" అన్నాడాయన. నిజంగానే పెట్టాడు. న్యూట్రల్‌లో ఉన్నా ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల ఏం జరుగుతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ వారమే డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, మేం మోటార్‌హోమ్ కొన్నాం. వెనక ఒక కారు కట్టుకుని వెళ్లాలి. ఏ కారు తీసుకోమంటావు?" అని అడిగింది. మా కాలనీలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలానే ఉన్నాయి. వాళ్లలోనూ ఇద్దరు ముగ్గురు ఇదే అడిగారు. గేర్‌బాక్సులు విప్పి బిగించడంలో ముప్ఫై ఏళ్లు గడిపినవాణ్ణి, ఆ దేశపు కార్ల మాన్యువల్ పుస్తకాలు తెప్పించుకుని చదివి, అమ్మాయికి చెప్పిన మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మోటార్‌హోమ్ అంటే వంటగది, పడకలు, స్నానాల గది అన్నీ ఉన్న బస్సులాంటి బండి. దాన్ని క్యాంపు స్థలంలో నిలిపి నీళ్ల గొట్టం, కరెంటు తీగ కలిపాక, పాల ప్యాకెట్టు కోసం మళ్లీ అవన్నీ ఊడదీసి బయల్దేరలేం. కొండ దారుల్లో, ఊళ్ల సందుల్లో ఆ బండి తిరగదు. అందుకే వెనక ఒక చిన్న కారు.

మొదటి అడుగు: ఎలా లాగుతారో తేల్చుకోండి

మూడు పద్ధతులున్నాయి. మొదటిది, కారు నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతూ, ముందు ఒక ఇనుప టో బార్‌తో మోటార్‌హోమ్‌కు తగిలించి ఉండటం. రెండోది డాలీ. అంటే రెండు చక్రాల చిన్న బండి మీద కారు ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలు మాత్రం నేల మీద వదలడం. మూడోది ట్రెయిలర్, కారు మొత్తాన్ని దాని మీదకు ఎక్కించడం.

ట్రెయిలర్ మీద దాదాపు ఏ కారైనా వెళ్తుంది. కానీ కార్లు మోసే ట్రెయిలరే దాదాపు 2,000 పౌండ్లు తూగుతుంది, అంటే 900 కిలోలు. దాని మీద కారు బరువు. క్యాంపు స్థలంలో ఆ ఖాళీ ట్రెయిలర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మరో తలనొప్పి. డాలీ తేలికే, అయితే ముందు చక్రాలతో నడిచే కార్లకే అది సరిగ్గా పనికొస్తుంది. వెనక చక్రాలతో నడిచే కారైతే డ్రైవ్ షాఫ్టు విప్పాలి. నాలుగు చక్రాలూ నడిపే రకాన్ని డాలీ మీద లాగనే కూడదు. ఎండలో వానలో నేల మీద కూర్చుని పట్టీలు బిగించే పని కూడా ప్రతిసారీ తప్పదు.

రోజూ ఊరు మారుతూ తిరిగేవాళ్లకు నాలుగు చక్రాల పద్ధతే సుఖం. అలవాటైతే పది నిమిషాల్లో తగిలించవచ్చు, ఐదు నిమిషాల్లో విప్పవచ్చు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఆ పద్ధతికి తగిన కారు గురించే.

రెండో అడుగు: గేర్‌బాక్సు

కారు రంగు, సీట్లు, తెర ఎంత పెద్దది అన్నవన్నీ తర్వాత. ముందు ఒకే ప్రశ్న. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు గంటల తరబడి తిరిగితే, గేర్‌బాక్సు లోపల నూనె అందుతుందా?

మాన్యువల్ గేర్‌బాక్సులో పళ్ల చక్రాలు కొంతవరకు నూనెలో మునిగి ఉంటాయి. తిరుగుతున్నప్పుడు, కవ్వం మజ్జిగను చిమ్మినట్టు, అవే నూనెను పైకి చిమ్ముకుంటాయి. ఇంజన్ నడుస్తోందా లేదా అన్నది వాటికి పట్టదు. అందుకే చాలా మాన్యువల్ కార్లను న్యూట్రల్‌లో పెట్టి లాగవచ్చు. చాలా అన్నాను, అన్నీ అనలేదు. కొన్నింటిలో లోపలి షాఫ్టుల అమరిక వల్ల పై బేరింగులకు నూనె చేరదు.

ఆటోమేటిక్‌లో కథ వేరు. అక్కడ నూనెను పంపు తోడిపోస్తుంది, ఆ పంపును ఇంజన్ తిప్పుతుంది. ఇంజన్ ఆగితే పంపూ ఆగుతుంది. కింద మోటారు ఆపేసి, ఖాళీ ట్యాంకు ఉన్న అపార్టుమెంటులో ఐదో అంతస్తు కుళాయి తిప్పితే ఏం వస్తుంది? అలాగే, చక్రాలు తిరుగుతున్నా నూనె ఉండదు. న్యూట్రల్‌లో పెట్టినా చక్రాలకు కలిసి ఉన్న షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఎండిన లోహం లోహాన్ని రాసుకుని వేడెక్కుతుంది, ప్లేట్ల మీది పూత కాలి రాలుతుంది. మూసాపేట షెడ్డులో నా వేలికి అంటిన ఆ నల్లటి ముద్ద అలా పుట్టిందే. బెల్టుతో నడిచే సీవీటీ గేర్‌బాక్సులకు కూడా దాదాపు ఇదే గతి.

అయితే రెండు రకాల ఆటోమేటిక్‌లు దీని నుంచి బయటపడతాయి. ఒకటి, తయారీదారే లాగడానికి అనుమతించి, అందుకు విధానం రాసి ఇచ్చినవి. 2014 వరకు అమెరికాలో అమ్మిన హోండా సీఆర్‌-వీ అలాంటిది. బయల్దేరే ముందు ఇంజన్ స్టార్టు చేసి, గేరు డీలో కాసేపు ఉంచి న్యూట్రల్‌కు తెచ్చి, మూడు నిమిషాలు నడిపి ఆపాలి. ఎనిమిది గంటలకు మించి లాగితే మళ్లీ అదే చేయాలి. గంటకు 65 మైళ్లు దాటకూడదు.

రెండో రకం, గేర్‌బాక్సు తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఉండి, దానికి విడిగా న్యూట్రల్ ఉన్న, నాలుగు చక్రాలూ నడిపే కార్లు. జీప్ ర్యాంగ్లర్ ఇందుకు పేరు మోసింది. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే చక్రాలకూ గేర్‌బాక్సుకూ మధ్య లంకె పూర్తిగా తెగిపోతుంది. చక్రాలు ఎంత తిరిగినా గేర్‌బాక్సు నిద్రపోతూనే ఉంటుంది. పాతికేళ్ల కుర్రాళ్లు ఆ బండిని చూసి ముచ్చటపడేది వేరే కారణాలకు కావచ్చు. నాకు మాత్రం దానిలో అన్నిటికంటే అందమైనది ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌కు మార్చే ఆ చిన్న లివరే.

ఒక జాగ్రత్త. నాలుగు చక్రాలూ నడిపే కారు అన్నంత మాత్రాన ఈ సౌకర్యం ఉండదు. జీప్ గ్రాండ్ చెరోకీలో లో-రేంజి (బురదలో, నిటారు ఎత్తుల్లో మెల్లగా, బలంగా లాగే గేరు) ఉన్న రకానికే ఆ న్యూట్రల్ ఉంటుంది. లో-రేంజి లేని రకం బయటికి అచ్చం అలాగే కనిపిస్తుంది కానీ లాగడానికి పనికిరాదు. అలాగే టెస్లా కార్లను చక్రాలు నేల మీద ఉంచి లాగనే కూడదు. చక్రం తిరిగితే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, వేడెక్కి దెబ్బతింటుంది. నాలుగు చక్రాలూ నేల నుంచి లేపే తీసుకెళ్లాలని ఆ సంస్థే చెబుతుంది.

హైదరాబాద్‌లో ఉండి మోటార్‌హోమ్ ఊసు లేనివాళ్లు కూడా ఈ భాగం గుర్తుంచుకుంటే చాలు, ఎంతో డబ్బు మిగులుతుంది. మన రోడ్డు నిబంధనలు చెడిపోయిన వాహనాన్నే, రిపేరు చేసే చోటికి చేర్చడానికే లాగనిస్తాయి. రెండు బళ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. కాబట్టి బాగున్న కారును వెనక కట్టుకుని సరదాగా తిరిగే పద్ధతి ఇక్కడ లేదు. కానీ 158 కిలోమీటర్ల ఔటర్ మీద ఎక్కడైనా ఆటోమేటిక్ కారు ఆగిపోతే, సహాయానికి ఫోను చేసినప్పుడు మొదటి మాటగా "ఆటోమేటిక్ కారు, ఫ్లాట్‌బెడ్ లారీయే పంపండి" అనండి. తాడు తెచ్చినవాళ్లను మర్యాదగా వెనక్కి పంపండి.

మూడో అడుగు: ఆ సంవత్సరపు పుస్తకమే చదవండి

ఒక శనివారం ఉదయం ఏడింటికి అమ్మాయి వీడియో కాల్ చేసింది. అక్కడ శుక్రవారం సాయంత్రం. పాత కార్లు అమ్మే చోట 2015 సీఆర్‌-వీ పక్కన నిలబడి ఉంది. "2014, 2015 రెండూ ఒకటే నాన్నా, ముందు బంపరు మాత్రమే మారిందని అమ్మే ఆయన చెబుతున్నాడు" అంది. కారు అరలోంచి పుస్తకం తీసి చూపించమన్నాను. విషయసూచికలో టోయింగ్ అన్న మాట పట్టుకుని ఆ పేజీకి వెళ్లింది. ఫోను ఆ పేజీ మీద పెట్టి ఒక్కో పంక్తీ వేలితో చూపించింది. సీవీటీ గేర్‌బాక్సు. మోటార్‌హోమ్ వెనక లాగడానికి అనుమతి లేదు. అమ్మే ఆయన చెప్పింది అబద్ధం అననక్కర్లేదు. ఆయనకు కనిపించింది బంపరు, అంతే. ఆ ఏడాదే ఆ కారులో గేర్‌బాక్సు మారిపోయింది.

అందుకే అడగవలసిన చోటు ఒక్కటే, సరిగ్గా ఆ సంవత్సరపు, ఆ గేర్‌బాక్సు ఉన్న కారు పుస్తకం. అందులో టోయింగ్ పేరుతో రెండు వేర్వేరు భాగాలు ఉంటాయి. అత్యవసర టోయింగ్ అంటే చెడిపోయినప్పుడు కొద్ది దూరం లాగడం. రిక్రియేషనల్ టోయింగ్ అంటే మోటార్‌హోమ్ వెనక లాగడం. మనకు కావలసింది రెండోది. అందులో ఈ నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: నాలుగు చక్రాల మీద లాగవచ్చా, గరిష్ఠ వేగం ఎంత, దూరానికి గానీ కాలానికి గానీ హద్దు ఉందా, ఏ ఫ్యూజు తీయాలి. ఆ భాగమే లేకపోతే, లేదా స్పష్టంగా కాదని ఉంటే, ఆ కారు ఎంత చవకైనా వదిలేయండి. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలు వెతుకులాటకు దారి చూపుతాయి, కానీ డబ్బు చెల్లించేది పుస్తకం చూశాకే.

నాలుగో అడుగు: బరువు లెక్క

ఇక్కడ చాలామంది పొరబడతారు. మోటార్‌హోమ్ వెనక టో బార్ తగిలించే ఇనుప భాగం, అంటే హిచ్ మీద 5,000 పౌండ్లు అని ఉంటే అంత బరువైన కారు కట్టవచ్చనుకుంటారు. అది ఆ ఇనుప ముక్క శక్తి మాత్రమే. చూడవలసిన అంకెలు ఇంకా రెండున్నాయి. సామానుతో, మనుషులతో కలిపి మోటార్‌హోమ్ ఉండగల గరిష్ఠ బరువు జీవీడబ్ల్యూఆర్. మోటార్‌హోమ్, వెనక కారు రెండూ కలిపి ఉండగల గరిష్ఠం జీసీడబ్ల్యూఆర్. డ్రైవరు తలుపు దగ్గరి రేకు మీద, మాన్యువల్‌లో ఇవి దొరుకుతాయి.

రెండు ఉదాహరణలు. ఫోర్డ్ ఎఫ్‌-53 ఛాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్‌లలో జీవీడబ్ల్యూఆర్ 22,000, జీసీడబ్ల్యూఆర్ 26,000 పౌండ్లు ఉన్న రకం ఒకటుంది. పూర్తిగా నింపిన బండికి మిగిలేది 4,000 పౌండ్లే, హిచ్ మీద 5,000 అని ఉన్నా సరే. నాలుగు తలుపుల ర్యాంగ్లర్ అందులో పట్టదు. ఇంకోవైపు ఫోర్డ్ ఈ‌-450 మీద కట్టిన బండి చూడండి. జీవీడబ్ల్యూఆర్ 14,500, జీసీడబ్ల్యూఆర్ 22,000. మిగిలేది 7,500. కానీ హిచ్ మీద 5,000 అని ఉంటే అక్కడ 5,000 దగ్గరే ఆగాలి. హిచ్, టో బార్, తీసివేతలో మిగిలింది, ఈ మూడింటిలో ఏది చిన్నదో అదే మీ హద్దు.

కారు బరువు కూడా ఖాళీ బరువు కాదు. వెనక సీట్లో పెట్టే సైకిళ్లు, డిక్కీలో బియ్యం మూట, ముందు బిగించే ఇనుప పలక, అన్నీ లెక్కలోకి వస్తాయి. సామాను అంతా సర్దాక మోటార్‌హోమ్‌ను లారీలు తూచే కాటా మీద తూయించమని, కారు కొన్నాక దాన్నీ విడిగా తూయించమని అమ్మాయికి చెప్పాను. కాగితం మీద 900 పౌండ్ల వెసులుబాటు ఉందనుకున్న చోట, కాటా 400 చూపించింది.

రెండింటి మొత్తం పొడవూ చూసుకోవాలి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన. 65 అడుగుల హద్దు పెట్టినవి ఉన్నాయి.

ఐదో అడుగు: స్టీరింగు, బ్యాటరీ

లాగుతున్నప్పుడు కారు ముందు చక్రాలు మోటార్‌హోమ్‌ను అనుసరించి వాటంతట అవే తిరగాలి. అంటే స్టీరింగు లాక్ పడకూడదు. చాలా కార్లలో తాళం చెవిని యాక్సెసరీ స్థానంలో ఉంచితేనే లాక్ తెరుచుకుని ఉంటుంది. అలా ఉంచితే రోజంతా బ్యాటరీ కొద్దికొద్దిగా కారుతుంది. సాయంత్రానికి కారు స్టార్టవదు. పుస్తకంలో చెప్పిన ఫ్యూజు తీయడమో, ఫ్యూజుకు ఒక స్విచ్చు బిగించడమో, మోటార్‌హోమ్ నుంచి చార్జింగ్ తీగ లాగడమో చేయాలి. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్నవాటిలో ఈ పని ఇంకా చిక్కు. బ్యాటరీ అయిపోతే ఆ బ్రేకు విడిపించడం కూడా కష్టం కావచ్చు. రెండు కార్లు సమానంగా నచ్చితే, మామూలు చేతి బ్రేకు, మామూలు తాళం చెవి ఉన్నదే తీసుకోమంటాను.

ఆరో అడుగు: కారుకు బిగించే సామగ్రి, దాని ఖర్చు

కారు ధరతో ఖర్చు ఆగదు. ముందు బంపరు వెనక ఛాసిస్‌కు, టో బార్ తగిలించే ఇనుప పలక, అంటే బేస్ ప్లేటు బిగించాలి. ఇది ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారంలో వస్తుంది. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్, డెమ్కో లాంటి సంస్థలు వీటిని తయారు చేస్తాయి. మీరనుకున్న కారుకు దొరుకుతుందో లేదో కొనే ముందే చూడండి. దానికి టో బార్, రెండు సేఫ్టీ కేబుళ్లు, వెనక లైట్ల తీగలు కావాలి. టో బార్ నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. హిచ్ ఎత్తుకూ కారు ఎత్తుకూ తేడా 4 అంగుళాలు దాటితే, ఎత్తు సరిచేసే అడాప్టర్ వాడాలి. లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మోటార్‌హోమ్ వెనక భాగం పైకి ఎక్కడానికి గానీ కిందికి దూరడానికి గానీ చూస్తుంది.

బ్రేకు విషయంలో ఎవరు ఏం చెప్పినా పొదుపు చేయకండి. మోటార్‌హోమ్ బ్రేకులు దాని సొంత బరువుకు తయారైనవి. వెనక మరో 3,500 పౌండ్లు తోసుకొస్తుంటే, దిగుడు దారిలో అవి ఒంటరిగా ఆపలేవు. లాగే కారు 3,000 పౌండ్లు దాటితే దానికి విడిగా బ్రేకు ఉండాలని చెప్పే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. చట్టం చెప్పకపోయినా పెట్టండి. డ్రైవరు కాళ్ల దగ్గర కూర్చుని పెడల్‌ను నొక్కే పెట్టె ఒక రకం, శాశ్వతంగా బిగించేది మరో రకం. కారు విడిపోతే దాని బ్రేకు తనంతట తాను పడే బ్రేక్‌అవే స్విచ్చు తప్పనిసరి. పిల్లలు ఎక్కిన బండి, మా మనవరాలు వెనక కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఈ ఒక్క విషయంలో నేను అమ్మాయితో గట్టిగా మాట్లాడాను.

పాత కారు చూస్తుంటే మోకాళ్ల మీద కూర్చుని ముందు బంపరు కింద చూడండి. బేస్ ప్లేటు తాలూకు ఇనుప చెవులో, విప్పేసిన బోల్టుల గుర్తులో కనిపిస్తే ఇంతకు ముందు ఎవరో లాగారన్న మాట. ప్లేటు ఉంటే మీకు ఖర్చు తగ్గుతుంది. కానీ ఎలా లాగారో తెలియదు కదా, గేర్‌బాక్సు నూనె తీయించి రంగు, వాసన చూడండి. టైర్ల అరుగుదలనూ గమనించండి. ముందు టైర్లు అంచుల్లో మాత్రమే అరిగి ఉంటే చక్రాల అమరిక చెడిందని అనుమానించాలి.

ఏడో అడుగు: చివరికి ఏది?

అమ్మాయి చేతిలో రెండు మిగిలాయి. ర్యాంగ్లర్, 2014 సీఆర్‌-వీ. లాగడానికి ర్యాంగ్లరే నిశ్చింత, గేర్‌బాక్సు గురించి ఆలోచనే ఉండదు. కానీ బరువెక్కువ, ధర ఎక్కువ, ఎత్తెక్కువ. ఏటా ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చే మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పిల్లల సీట్లు, పెద్దవాళ్ల మోకాళ్లు, కాటా చూపించిన ఆ 400 పౌండ్లు అన్నీ కలిపి సీఆర్‌-వీ వైపే మొగ్గాయి. కొండల్లో మట్టి దారులు తిరగాలనుకునే కుర్ర జంటైతే ర్యాంగ్లర్ తీసుకోమనేవాణ్ణి. క్లచ్చు తొక్కడం ఇష్టమైతే, బండి చిన్నదైతే, దాదాపు 2,500 పౌండ్ల మాన్యువల్ హోండా ఫిట్ లాంటివి పాతవాటిలో వెతకండి. కొత్తగా మాన్యువల్ కార్లు అమెరికాలో అరుదైపోతున్నాయి.

బయల్దేరే రోజు

కట్టేటప్పుడు ఒక్కరే చేయాలి, రెండోవారు కాగితం చూసి చదవాలి. ఇద్దరూ చేస్తే ఇద్దరూ ఎదుటివారు చేశారనుకుంటారు. టో బార్ పిన్నులు, కేబుళ్లు, లైట్లు, బ్రేకు పెట్టె, బ్రేక్‌అవే తీగ, గేరు, తాళం చెవి, చేతి బ్రేకు విడవడం, ఇదే వరుస.

ర్యాంగ్లర్ లాంటిదైతే, ట్రాన్స్‌ఫర్ కేసు నిజంగా న్యూట్రల్‌లో పడిందో లేదో పరీక్షించాలి. ఇంజన్ నడుస్తుండగా రివర్సు వేసి బ్రేకు వదిలితే కారు కదలకూడదు, డీలో వేసినా కదలకూడదు. విప్పేటప్పుడు దీనికి తిరగేసిన ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉన్నంత వరకు, గేరు పార్కులో ఉన్నా కారు దొర్లిపోతుంది. చేతి బ్రేకు వేశాకే టో బార్ విప్పాలి.

కారు వెనక ఉండగా రివర్సు చేయకూడదు. ముందు చక్రాలు అడ్డంగా తిరిగి, టో బార్ వంగుతుంది. పెట్రోలు బంకులోకి వెళ్లే ముందే బయటికి వచ్చే దారి చూసుకోవాలి. ఇరుక్కుంటే కారు విప్పి, బండి తిప్పుకుని, మళ్లీ కట్టడమే.

మొదటిసారి పదిహేను మైళ్లు వెళ్లగానే ఆగమన్నాను. దిగి, ఒక్కో చక్రం మధ్యభాగం దగ్గరికి అరచేయి తీసుకెళ్లి వేడి చూడాలి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి సలసల కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉందన్నమాట. అమ్మాయి ఆగింది, నాలుగూ చూసింది. ఎడమ వెనక చక్రం చెయ్యి పెట్టనివ్వలేదు. పార్కింగ్ బ్రేకు పూర్తిగా విడవలేదు. విడిపించి, అరగంట చల్లారనిచ్చి, మళ్లీ బయల్దేరారు.